ఇద్దరికో టేబుల్

మారేడ్‌పల్లి, సికింద్రాబాద్
అక్టోబరు 9

లోవ వదినా,

ఇక్కడ మీ అన్నయ్యగారి మోకాలు తప్ప అందరం బాగున్నాం. ఆ మోకాలు కూడా ఇంటిపని చెప్పినప్పుడే నొప్పి పెడుతుంది కాబట్టి నువ్వు బెంగపెట్టుకోకు.

ఇది ఫోన్లో చెప్పే సంగతే. కానీ మీ ఇంటికి ఫోన్ చేస్తే వరహాలబాబు అన్నయ్య స్పీకర్ పెడతారు. నేను నిన్నొక మాట అడిగితే ఆయన నాలుగు జవాబులు చెప్తారు. పైగా ఉద్యోగమంతా తపాలా ఆఫీసులో చేసినదాన్ని, నేనే ఉత్తరం రాయకపోతే ఇంకెవరు రాస్తారు?

నేను స్పానిష్ నేర్చుకుంటున్నాను. నవ్వడం అయిపోయాక మిగతాది చదువు.

మా అన్న కూతురు వసుధ టూర్లు తిప్పే కంపెనీలో పని చేస్తోంది కదా, ఏప్రిల్‌లో ఆడవాళ్ళని మాత్రమే స్పెయిన్ తీసుకెళ్తోంది. నేను పేరిచ్చేశాను. పొద్దున టిఫిన్ హోటల్ వాళ్ళే పెడతారట. రాత్రి భోజనం మాత్రం ఎవరికి వాళ్ళు వెతుక్కుని తినాలి. అందుకని మా వీధి చివర మిఠాయి కొట్టు మీదున్న హాల్లో ఝాన్సీలక్ష్మి అనే అమ్మాయి దగ్గర చేరాను. ఆ దేశంలో చదువుకుని వచ్చిన పిల్ల. హోటల్‌కి వెళ్ళి కూర్చోవడం, అడగడం, తినడం, బిల్లు కట్టి రావడం వరకు నేర్పిస్తుంది. అంతకు మించి నాకూ అక్కర్లేదు.

మీ అన్నయ్యగారు వింటూనే, "ఏందీ, గీ వయసుల స్పానిషా? వేలు పెట్టి చూపిస్తే సుత తెచ్చిస్తరు గదా" అన్నారు. ఆయనకేం తెలుసు? పెళ్ళయిన కొత్తలో నన్ను సుల్తాన్‌బజార్ తీసుకెళ్ళి, హోటల్లో నన్నడక్కుండానే "రెండు సాదా దోశ" అన్నారు. ఇప్పటికీ అదే మాట. నాకు సాదా దోశ ప్రాణమని ఆయన గట్టి నమ్మకం. నాకు ఇష్టం పెసరట్టు వదినా. ఆ ముక్క ఎప్పుడూ నోరు తెరిచి చెప్పలేదు. అడగందే అమ్మయినా పెట్టదంటారు, ఇక మొగుడేం పెడతాడు! ఒక్క ఊళ్ళోనైనా, ఒక్క పూటైనా, నాకు కావలసింది నేనే అడిగి తెప్పించుకోవాలని ఉంది.

గది ఇద్దరికి ఒకటి. నువ్వు రారాదూ? చిలకలగూడలో ఒకే గోడకి నువ్వటు, నేనిటు అన్నేళ్ళు కాపురాలు చేశాం. ఒక గదిలో పది రోజులు సర్దుకోలేమా? ఆలోచించి రాయి.

నీ
కల్పలత


అనకాపల్లి
అక్టోబరు 20

కల్పలత వదినకి,

నీ ఉత్తరం గుమ్మంలోనే అందుకుని, మీ అన్నయ్య కొట్టు నుంచి వచ్చేలోగా మూడుసార్లు చదివేశాను. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగమని, విమానం ఎక్కకముందే నీకు వాళ్ళ భాష కావలసొచ్చిందా? పురుషోత్తం అన్నయ్యని ఏమీ అనకు. పాపం ఆ మనిషి ఒక్క దోశ చెప్పుకుని నీకు ముక్క పెట్టే రకం కాదు. రెండు చెప్పారు, సంతోషించు.

నా సంగతంటావా, వద్దులే వదినా. నాకెందుకు చెప్పు స్పెయినూ గియినూ? మేం అనకాపల్లి వచ్చేసిందే ఈ బెల్లం కొట్టు కోసం. ఆయన రిటైరై హాయిగా కూర్చుంటారనుకుంటే, తమ్ముడితో కలిసి వ్యాపారమన్నారు. ఇప్పుడు సీజను మొదలవుతోంది. ఆయనకి పూటపూటకీ వేడి అన్నం ఉండాలి. నేను పోయి విమానంలో కూర్చుంటే ఈ కొట్టూ ఈ మనిషీ ఏమైపోవాలి? నువ్వు వెళ్ళిరా. ఫొటోలు చూపిద్దువుగాని.

ఊరికే అడుగుతున్నాను, అక్కడ చేపలు దొరుకుతాయా? సముద్రం పక్కనేనా మీరుండేది? ఏప్రిల్‌లో చలిగా ఉంటుందా? చీర కట్టుకుంటే నడవనిస్తారా, చుడీదార్లే కుట్టించుకోవాలా? నేను రాననుకో, తెలుసుకుందామని.

నేర్చుకున్న ముక్కలు మాత్రం ఒక్కటీ వదలకుండా రాయి. కొత్త బెల్లం రాగానే ఎప్పటిలా కుండ పంపిస్తాను.

లోవలక్ష్మి


మారేడ్‌పల్లి
నవంబరు 12

వదినా,

రానన్నావు కాబట్టి సరే, బలవంతం చేయను. సీజనులో నీకు కుదరదని నాకూ తెలియాలి. మా పై అంతస్తులో ఉండే ప్రేమమణిని అడిగాను, గదిలో తోడుంటానంది. మంచి మనిషి. నాతోపాటే క్లాసుకొస్తుంది. గురక పెడుతుందని వాళ్ళాయన ముందే చెప్పాడు.

నువ్వడిగినవాటికి జవాబులు: సముద్రం పక్కనే. చేపలు బోలెడట, పెస్కాదో అనాలి. రొయ్యలు గాంబాస్. చీర కట్టుకోవచ్చు, పైన స్వెట్టర్ వేసుకోవాలి.

ఇక పాఠం. గుమ్మంలో నిలబడగానే అనాల్సిన మాట, "ఊనా మేసా పారా దోస్, పోర్ ఫవోర్." అంటే ఇద్దరికో టేబుల్ ఇవ్వండి బాబూ అని. ఝాన్సీ దీన్ని రోజూ అందరితో చెప్పిస్తుంది. పంది మాంసం వద్దంటే "సిన్ సెర్దో." బిల్లు తెమ్మనాలంటే "లా క్వెంతా." ఏదైనా ఇవ్వబోతే మర్యాదగా వద్దనడానికి "నో, గ్రాసియాస్." ఇదొక్కటీ మా క్లాసులో ఆడవాళ్ళందరికీ మొదటి రోజే వచ్చేసింది. వద్దనడం మనకు పుట్టుకతో వచ్చిన విద్యే కదా.

రానిది ఇంకో మాట. "కియెరో." నాకు కావాలి అని అర్థం. పలకడం కష్టమేం కాదు, అనడమే కష్టం. ఝాన్సీ ఒక్కొక్కరినీ నిలబెట్టి, "ఆంటీ, నేల చూసి కాదు, నా మొహం చూసి చెప్పండి, కియెరో" అంటుంది. మేం మళ్ళీ నేలే చూస్తాం. రోసమ్మ అని బొల్లారం నుంచి వస్తుంది, ఆమె అడగనే అడిగింది: "గింత గట్టిగా నాకు కావాలె అంటే ఇంట్ల ఏమనుకుంటరమ్మా?" ఆ రోజంతా నవ్వులే.

మొన్న అందరినీ స్టేషన్ దగ్గరి ఇరానీ హోటల్‌కి తీసుకెళ్ళింది. అక్కడ సర్వర్ యేసురాజు. నేను బల్ల దగ్గర కూర్చుని, ఊపిరి బిగబట్టి, రెండు పాల కాఫీలు స్పానిష్‌లో చెప్పాను. అతను చివరిదాకా శ్రద్ధగా విని, "మేడం, మీరు ఏ భాషల అడిగినా ఇక్కడ చాయే వస్తది" అన్నాడు. అయినా బిస్కెట్లు నేను వేళ్ళు చూపకుండా అడిగితే సరిగ్గా తెచ్చిపెట్టాడు. అంత గర్వం నాకు ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా లేదు.

బెల్లం కోసం చూస్తున్నాను.

కల్పలత


అనకాపల్లి
నవంబరు 24

కల్పలత గారికి,

మీ ఉత్తరం అందింది. సంతోషం. ప్రేమమణి గారికి నా నమస్కారాలు చెప్పండి. గురకకి చెవుల్లో దూది పెట్టుకోండి.

ఈసారి బెల్లం ఏమంత బాగోలేదు. అందుకని పంపడం లేదు.

ఇట్లు
వి. లోవలక్ష్మి


మారేడ్‌పల్లి
డిసెంబరు 3

వదినా,

గారేమిటి? మీరేమిటి? ఇంటిపేరుతో సంతకమేమిటి? నేనేమన్నా కరెంటు ఆఫీసా?

అనకాపల్లిలో బెల్లం బాగోలేదంటే ఎవరు నమ్ముతారు? ఒంట్లో బాగుందా? అన్నయ్య బాగున్నారా? నిన్న ఫోన్ చేస్తే ఆయనే తీసి, "మీ వదిన నీళ్ళు పోసుకుంతంది" అన్నారు. సాయంత్రం చేస్తే మళ్ళీ అదే మాట. రోజుకి రెండుసార్లు నీళ్ళు పోసుకునేంత ఎండ డిసెంబరులో మీకెక్కడిది?

నాకు చాలా పరేషాన్‌గా ఉంది. రెండు ముక్కలైనా రాయి.

కల్పలత


మారేడ్‌పల్లి
జనవరి 4

లోవా,

నువ్వు జవాబు రాయలేదు. నెలరోజులు ఏం తప్పు చేశానా అని బుర్ర బద్దలుకొట్టుకున్నాను. నిన్న మధ్యాహ్నం భోజనం ముందు కూర్చుంటే తెలిసింది. ఓపిగ్గా చదువు, చివర్లో నీతో పనుంది.

ఝాన్సీలక్ష్మి ఉండేది బన్సీలాల్‌పేట్‌లో. వాళ్ళింటికి స్పెయిన్ నుంచి స్నేహితురాలొచ్చింది. కార్మెన్ అని, మన వయసే ఉంటుంది. అక్కడి మెట్లబావి చూసి, దాన్ని బాగుచేసిన తీరుకి మురిసిపోయి, రెండు రోజులు దాని చుట్టే తిరిగిందట. క్లాసు అయిపోయింది కాబట్టి మా అందరికీ తనే వండిపెడతానంది. అదే మాకు పరీక్ష. ఆవిడ వడ్డిస్తుంది, మేం స్పానిష్‌లో మాట్లాడి తినాలి.

పొద్దుటి నుంచి వండింది పాపం. బంగాళాదుంపలు, గుడ్లు కలిపి మన దిబ్బరొట్టెలాగా మందంగా ఒకటి కాల్చింది. వెడల్పాటి మూకుడు నిండా, పచ్చటి అన్నంలో గాంబాస్ గుచ్చి ఇంకొకటి. వాసనకే నీ ప్రాణం లేచొచ్చేది. మేం ఎనిమిదిమందిమి డాబా మీద వరసగా కూర్చున్నాం. మొదట తలా రెండు గరిటెలు పెట్టింది. అవి ఏ మూలకి? అయిపోయాయి. ఆవిడ మూకుడు పట్టుకుని మొదట నా దగ్గరికొచ్చి, నవ్వుతూ "కియెరె మాస్?" అంది. ఇంకా కావాలా అని.

నేనేమన్నాను? "నో, గ్రాసియాస్."

ఎందుకన్నానంటే ఏం చెప్పను? మొదటిసారి అడగ్గానే పెట్టమంటే ఏం బాగుంటుంది? ఆవిడ ఇంకోసారి అంటుంది, నేను చెయ్యి అడ్డం పెడతాను, ఆవిడ చెయ్యి తప్పించి వేస్తుంది, నేను "అయ్యో, ఇంతెందుకు" అంటూ తింటాను. అదే కదా పద్ధతి. ఆవిడ మాత్రం "వాలే", అంటే సరే, అని తలూపి ప్రేమమణి దగ్గరికి వెళ్ళింది. ప్రేమమణీ నో గ్రాసియాస్. రోసమ్మా నో గ్రాసియాస్. ఎనిమిదిమందిమీ గుడిలో గంట కొట్టినట్టు అదే మాట. ఆవిడ ఆ నిండు మూకుడు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. వదినా, ఆ మూకుడు వెళ్తుంటే మా ఎనిమిదిమంది తలలూ దాని వెనకే తిరిగాయి.

ఎంతకీ బయటకి రాదే! ఝాన్సీ లోపలికి వెళ్ళి చూస్తే, ఆవిడ కళ్ళొత్తుకుంటోంది. తన వంట ఒక్కరికీ నచ్చలేదని. ఝాన్సీ బయటికొచ్చి నడుం మీద చెయ్యేసుకుని, "మీకు నచ్చలేదా?" అంది. "అయ్యో, మస్తుందమ్మా" అన్నాం. "కడుపు నిండిందా?" అందరం ఖాళీ ప్లేట్లు చూసుకున్నాం. "మరెందుకు వద్దన్నారు?" రోసమ్మే జవాబిచ్చింది. "ఇంకోపారి అడుగుతదనుకున్నం. ఒక్కసారే అడిగి పోతే ఎట్ల తల్లీ?"

మొహమాటం గురించి మన పెద్దవాళ్ళు చెప్పే మోటు సామెత ఇక్కడ రాయను, నీకు తెలుసు. నేను లేచాను. ప్లేటు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, కార్మెన్ మొహంలోకి చూసి, మిద్దె అదిరేలా "కియెరో!" అన్నాను. నా వెనకే ఏడుగురు. ఆవిడ ఏడుస్తూ నవ్వుతూ వడ్డించింది. మూకుడు అడుగు మాడు కూడా మిగల్లేదు, ప్రేమమణి గీకింది.

ఇంటికి నడిచి వస్తుంటే నువ్వు గుర్తొచ్చావు. చిలకలగూడలో నేను గోడ మీంచి కూరగిన్నె అందిస్తే ఏమనేదానివి? "ఎందుకు వదినా, మాకుంది." నేను "తీస్కో" అనేదాన్ని. "వద్దు వదినా, పిల్లలకుంచు." మళ్ళీ "తీస్కో అంటున్న గదా." అప్పుడు గోడవతల నుంచి చెయ్యి వచ్చేది. ఒక్కరోజు కూడా మొదటిసారికే చెయ్యి రాలేదు. ఒక్కరోజు కూడా నేను గిన్నె వెనక్కి తీసుకెళ్ళలేదు. అంత తెలిసినదాన్ని, ఉత్తరంలో మాత్రం ఒక్కసారి అడిగి, నువ్వు వద్దనగానే గిన్నె తీసుకెళ్ళి ప్రేమమణికి ఇచ్చాను. చీర కట్టుకోవచ్చా అని అడిగావే, నాకు ఎందుకు తట్టలేదు? సిగ్గుగా ఉంది.

ప్రేమమణికి నిన్న రాత్రే చెప్పాను. ఆమె ఏమందో తెలుసా? "బతికిచ్చినవ్ అక్కా. రోసమ్మ నన్ను తోడు రమ్మని ఎప్పట్నుంచో అడుగుతున్నది. నువ్వు మొదలడిగినవని కాదనలేకపోయిన." ఆమెదీ మొహమాటమే! వాళ్ళిద్దరూ ఒక గది. పండగ చేసుకుంటున్నారు.

ఇవాళ పొద్దున మీ అన్నయ్యగారు టిఫిన్‌కి తీసుకెళ్ళి "రెండు సాదా" అనబోతుంటే, "నాకు పెసరట్టు" అన్నాను. ఆయన నన్నూ సర్వర్‌నీ మార్చి మార్చి చూసి, "నీకు పెసరట్టు ఇష్టమా? గిన్నేండ్లు చెప్పొద్దా?" అన్నారు. ఆ తర్వాత నా ప్లేట్లోంచి సగం ఆయనే తిన్నారు.

ఇక నీతో పని.

లోవా, నాతో స్పెయిన్ వస్తావా? వద్దు, సీజను అంటావు. ఏప్రిల్‌కి సీజను సద్దుమణుగుతుంది, మీ అన్నయ్యే ఒకసారి స్పీకర్లో చెప్పారు.

లోవా, వస్తావా? ఆయనకి వేడి అన్నమంటావు. చిలకలగూడలో నువ్వు పురిటికి వెళ్తే ఆ మనిషి నెలల తరబడి వండుకున్నాడు. చారు వాసన మా ఇంటిదాకా వచ్చేది, బాగానే పెట్టేవాడు.

లోవా, వస్తావా? ఇప్పుడేమంటావో నాకు తెలియదు. నేను మాత్రం నేల చూడకుండా చెప్తున్నాను. నాకు నువ్వు కావాలి. ఆ ఊళ్ళో ఆ టేబుల్ ముందు నువ్వు కూర్చోవాలి, రొయ్యలు వలుస్తూ నా మీద చాడీలు నాకే చెప్పాలి. నువ్వు వెళ్ళిపోయాక మారేడ్‌పల్లిలో నాకు గోడలే ఉన్నాయి, గోడవతల చెయ్యి లేదు. ఈ నెలాఖరుకి వసుధ పేర్లు పంపించేస్తుంది.

నీ
కల్పలత


అనకాపల్లి
జనవరి 11

నా బంగారు వదినకి,

వస్తాను.

మొదటిసారికే చెప్పేశాను, రాసి పెట్టుకో. మిగిలిన రెండుసార్లూ దాచి ఉంచు. అక్కడ నేను అలవాటుకొద్దీ నో గ్రాసియాస్ అన్నప్పుడు వాడుకోవాలి కదా.

ఇప్పుడు నా మాట విను. అక్టోబరులో నీ ఉత్తరం అందిన వారానికే పాస్‌పోర్ట్‌కి పెట్టాను. ఫొటోలో కోడిని ఎత్తుకెళ్తూ దొరికిపోయినదానిలా ఉన్నాను, అయినా వచ్చింది. నువ్వు ఇంకోసారి అడుగుతావు, నేను ఇంకోసారి కాదంటాను, మూడోసారికి "నీ బలవంతం పడలేక వస్తున్నాను" అందామని వాక్యం కూడా సిద్ధం చేసుకుని కూర్చున్నాను. నీ ఉత్తరం వచ్చింది. విప్పితే, "రానన్నావు కాబట్టి సరే." వంటింట్లో కూర్చుని ఏడ్చాను వదినా. మీ అన్నయ్య వచ్చి, "ఏటైందే?" అంటే ఉల్లిపాయలన్నాను. పొయ్యి మీద పాలు తప్ప ఏమీ లేవు.

నా మీద జాలి కలిగిందా? అయితే ఇంకాస్త విను. కోపమొచ్చినా నువ్వు రాసిన ముక్కలు వదల్లేదు. మధ్యాహ్నం ఆయన భోజనానికి రాకముందు, బల్ల మీద రెండు కంచాలు పెట్టి, ఎదురుగా నువ్వున్నావనుకుని, ఊనా మేసా పారా దోస్ అని చెప్పుకునేదాన్ని. ఒకరోజు ఆయన పెందరాళే వచ్చి గుమ్మంలో నిలబడి విన్నారు. పిచ్చెక్కిందనుకుంటారని మొత్తం చెప్పేశాను, పాస్‌పోర్ట్‌తో సహా. పెద్దగా నవ్వి, "ఎల్లి రా. నేనేటి చిన్నపిల్లోడినా?" అన్నారు. నువ్వు మళ్ళీ పిలవలేదు, ప్రేమమణిని పిలిచావని చెప్తే, "రాసి అడగొచ్చు కదా" అన్నారు. నేనెలా అడుగుతాను? అడిగితే ఇంక నా పరువేం కావాలి? నువ్వు ఫోన్ చేసిన రోజు రెండుపూటలా నీళ్ళు పోసుకుంటోందని చెప్పమన్నది నేనే.

ఇప్పుడు ఆయనే నాకు సర్వర్. భుజాన తువ్వాలు వేసుకుని, గరిటె పట్టుకుని "కియెరె మాస్?" అంటారు. నీ ఉత్తరంలోదే నేర్పించాను. పరీక్ష కోసం నేను నో గ్రాసియాస్ అంటే, "అదేటి, తిను" అంటూ ఇంకో గరిటె వేసేస్తారు. ఆ మనిషికి స్పెయిన్‌లో ఒక్కరోజు ఉద్యోగం నిలవదు.

వీసాకి వేలిముద్రలు అక్కడే వేయాలట కదా, వచ్చే బుధవారం బండెక్కుతున్నాను. గురువారం పొద్దున స్టేషన్‌కి రా. దిగీదిగగానే యేసురాజు దగ్గరికి వెళ్దాం. గుమ్మంలో నిలబడి ఇద్దరికో టేబుల్ అడిగేది మాత్రం నేనే, నువ్వు నోరెత్తకు. చాయే తెచ్చినా సరే.

నీ
లోవ

తా.క. బెల్లం బాగోలేదన్నది అబద్ధం. ఈ ఏడాది వచ్చినంత మంచి బెల్లం ఈమధ్య ఎప్పుడూ రాలేదు. కుండ నాతోపాటు తెస్తున్నాను. "ఎందుకు వదినా" అన్నావంటే అదే బండిలో వెనక్కి తీసుకెళ్ళిపోతాను.